ముర్రుపాలు ఎవరివి

మొన్నామధ్య ఇంద్రేశంలో ఉంటున్న నా చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. ఇంద్రేశం మా అమ్మ పుట్టిన ఊరు. మా మేనమామల జొన్నచేలు ఉన్న చోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు, వాటి మధ్య రంగురంగుల ఇళ్లు. స్నేహితురాలి భోజనబల్ల మీద పచ్చడి సీసా పక్కన ఒక మాత్రల డబ్బా ఉంది. దాని మీద ఒక ఆవు, ఆవు పక్కన ఒక దూడ, రెండూ మనుషుల్లా పళ్లు కనబడేలా నవ్వుతున్నాయి. ఏమిటని అడిగితే, "ముర్రుపాల పొడితోని చేసిన గోలీలట. రోగాలు రావట, ఒంట్లె తాకత్ వస్తదట. మా కోడలు తెప్పిచ్చింది" అని చెప్పి, ఏదో దూడ పుట్టిన గడియలో తాగవలసినదాన్ని ఈ వయసులో మంచినీళ్లతో గుటుక్కున మింగింది. డబ్బా మీది దూడ ఎందుకు నవ్వుతోందో నాకు బోధపడలేదు. నోటికాడిది తీసుకున్నవాళ్లు దానికి కనీసం ఏడ్చే హక్కయినా మిగల్చలేదు కాబోలు.

తిరుగు ప్రయాణంలో, ఫ్యాక్టరీల పొగలో ఇరుక్కున్న బస్సులో కూర్చుని ఉన్నా, నా ముక్కుకు మాత్రం మా కర్దనూర్ ఇంటి వెనక కొట్టం వాసనే కొట్టింది. నానిన తవుడు, తడి పేడ, ఎండు సొప్ప, వాటి మీద పిడకల పొగ. మా ఇంటికి మూడు భాగాలుండేవి. ముందు అరుగు, మధ్యలో ఇల్లు, వెనక కొట్టం. అరుగు బాపు రాజ్యం, ఇల్లు అవ్వ రాజ్యం, కొట్టం అమ్మ రాజ్యం. అవ్వంటే బాపును కన్న తల్లి. ఈ మూడు రాజ్యాల మధ్య పాస్‌పోర్టు లేకుండా తిరిగేదాన్ని నేనొక్కదాన్నే.

బాపు పటాన్‌చెరు బడిలో లెక్కల సారు. ఆదివారాలు సైకిలు తొక్కుకుంటూ సంగారెడ్డి వెళ్లి, అక్కడి మిత్రులతో కలిసి మూఢనమ్మకాలను ఖండించి, చీకటి పడకముందే ఇంటికొచ్చి అవ్వ పెట్టిన అన్నం తినేవాడు. ఒక్కోసారి ఆ చర్చ మా అరుగు మీదికే వచ్చేది. నేను వాదించడం నేర్చుకున్నది ఆ అరుగు మీదే. తాంబూలం నములుతూ ఎదుటివాడి వాక్యంలో బొక్క వెతకడం, దొరికిన బొక్కలో వేలు పెట్టి తిప్పడం, ఆ విద్య నాకు బాపు ఇచ్చిన ఆస్తి. అవ్వ పేరు వీరమ్మ. బొంతపల్లి వీరభద్రుడు ఆమెకు దేవుడే కాదు, పెద్దకొడుకులాంటివాడు. కన్నకొడుకు మాట వినడు కాబట్టి తన కోరికలూ ఫిర్యాదులూ ఆ పెద్దకొడుక్కే చెప్పుకునేది. తెల్లవారుజామునే లేచి పొగాకు కాడ నోట్లో వేసుకుని, చల్లకుండ మూత తీసి ఒక్కసారి వాసన చూసి, ఆ రోజు ఎవరిని తిట్టాలో నిర్ణయించుకునేది. ఎక్కువ రోజులు ఆ వంతు అమ్మకే వచ్చేది.

అమ్మ పేరు ఈశ్వరమ్మ. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు అరణంగా ఒక బర్రెదూడను తోలారు. అది పెరిగి చంద్రి అయింది. నుదుట చిన్న తెల్లమచ్చ, మెడ దాకా వంగిన కొమ్ములు, అమ్మ గాజుల చప్పుడు వింటే తప్ప చేపని పొదుగు. ఆ ఇంట్లో అమ్మకు సొంతమని చెప్పుకోదగ్గ వస్తువు ఏదైనా ఉంటే అది ఆ బర్రే. దాని పెరుగు అమ్మే అమ్మ తన గాజులూ నా పలకా కొనేది. ఐతే చంద్రి ఈనిన దుడ్డెలు దక్కేవి కావు. గుమ్మడికాయలా పుట్టిన దుడ్డె వారం తిరక్కముందే పారుడు పట్టి, పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా అయిపోయి, ఒక పొద్దున కాళ్లు చాపేసేది. నా తర్వాత పుట్టిన ఇద్దరు తమ్ముళ్లు కూడా పురిటి వాసన పోకముందే వెళ్లిపోయారు. ఈ రెండింటినీ కలిపి అవ్వ ఒక సిద్ధాంతం తయారుచేసింది. "ఈశ్వరి చెయ్యి మంచిది కాదు. దుడ్డె దక్కదు, బిడ్డ దక్కడు" అని. న్యూటనుకు కూడా తన సిద్ధాంతం మీద అంత నమ్మకం ఉండి ఉండదు.

ఇప్పుడు మా ఇంటి ఆచారం చెప్పాలి. మా ఇల్లనే ఏమిటి, ఊరంతా అదే. బర్రె ఈనగానే దుడ్డెను దూరంగా గుంజకు కట్టేసేవాళ్లు. మాయ పడేదాకా అది పొదుగు ముట్టరాదు. ముట్టితే మాయ లోపలే నిలిచిపోతుందట. మాయ పడ్డాక మొదటి పాలు పిండి ఇంటి దేవుడికి నైవేద్యం. ఆ తర్వాత మిరియాలూ బెల్లమూ వేసి, గిన్నెను నీళ్లలో కూర్చోబెట్టి ఉడికించిన జున్ను. అది మొదట ఇంటి మగవాడికి, అంటే నైవేద్యం ఒట్టి బూటకమని చెప్పే బాపుకు. పిమ్మట పెద్దిండ్లకు, ఇరుగుపొరుగుకు, కిరాయికి ఉన్నవాళ్లకు. ఆ పసుపుపచ్చని చిక్కటి పాలు తాగితే దుడ్డె కడుపులో నట్టలు, అంటే పురుగులు, పడతాయని ఒక శాస్త్రం ఉండేది కాబట్టి, అవి అయిపోయి పాలు పలచబడ్డాక దుడ్డె వంతు వచ్చేది. దుడ్డె చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి చంద్రి ముందు నిలబెట్టేవాళ్లు. పిచ్చిది దాన్ని నాకుతూ పాలు చేపేది. బతికున్న దుడ్డెకు పాలు పట్టని మేము చచ్చిన దుడ్డెను పాలకోసం పట్టుకొచ్చేవాళ్లం. ఇంతటి యుక్తి గలవాళ్లను అజ్ఞానులని ఎలా అనగలం?

నాకు పదిహేనో ఏడు నడుస్తుండగా చంద్రి మళ్లీ చూలుతో ఉంది. అవ్వ తీర్పు ముందే చెప్పేసింది. "ఈసారి గూడ దుడ్డె సస్తె బర్రెను ఇంద్రేశం తోలుత. నా ఇంట్ల ఆ కాలు వద్దు." అరణపు బర్రెను వెనక్కి తోలడమంటే, దానితో వచ్చిన కోడలు ఆ ఇంటికి అరిష్టమని ఊరంతా చాటడమే. బర్రె ముందు నడుస్తుంది, కోడలు ఎప్పుడు వెనక నడవాలన్నది మాత్రమే తేలాలి. అమ్మ కుడితి తొట్టిలో చెయ్యి పెట్టి తవుడు కలుపుతూ ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే మా బడికి పశువుల డాక్టరొకాయన వచ్చి మాట్లాడాడు. దుడ్డె లేచి నిలబడగానే పొదుగు దగ్గరికి తీసుకుపోండి, మొదటి పాలే దాని మొదటి మందు అన్నాడు. అప్పుడు అంత మాత్రమే తెలిసింది. తర్వాత పుస్తకాలు చదివి మిగిలింది తెలుసుకున్నాను. మనిషి బిడ్డకు కడుపులో ఉన్నప్పుడే తల్లి రక్తం నుంచి రోగాలను ఎదిరించే శక్తి కొంత అందుతుంది. ఆవు దూడకూ బర్రె దుడ్డెకూ ఆ భాగ్యం లేదు. అవి ఆయుధం లేకుండా పుడతాయి. ఆ ఆయుధం ముర్రుపాలలో ఉంటుంది. దాన్ని పేగు గోడల గుండా రక్తంలోకి తీసుకునే వీలు పుట్టిన కొద్ది గంటలే. తర్వాత ఆ దారి మూసుకుంటుంది. మామూలు పాలకంటే మాంసకృత్తులు ఆ పాలలో ఎన్నో రెట్లు, ఎ విటమినూ అందులోనే ఎక్కువ. కడుపులోని నల్లటి మొదటి పేడను బయటికి నెట్టేదీ అదే. తొలి గంటల్లో దొరికినదానికీ దొరకనిదానికీ నెలల తర్వాత కూడా ఎదుగుదలలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంకో విచిత్రం, దుడ్డె చీకితే తల్లి మాయ పడటానికీ అది సాయం చేస్తుంది. అంటే మాయ పడాలని మేము దుడ్డెను కట్టేసి ఎదురుచూస్తుంటే, ఆ కట్టేయడమే మాయను ఆలస్యం చేస్తుండేదన్న మాట.

బడి నుంచి వచ్చి బాపుకు చెప్పాను. పేపరు మీది నుంచి తల ఎత్తకుండానే, "నిజమే చెప్పిండు" అన్నాడు.

"మరి అవ్వకు నువ్వు జెప్పు బాపూ."

బాపు పేపరు మడిచాడు. "దేవుడు లేడని సంగారెడ్డిల వెయ్యిమంది ముంగట చెప్పమను, చెప్త. మీ అవ్వకు చెప్పమనకు బిడ్డా."

"ఎందుకు?"

"దేవుడు ఎదురు మాట్లాడడు గద."

గోడ అవతల నుంచి అమ్మ గొంతు వినిపించింది. "భయమొక్కటే గాదు. మీ బాపుకు జున్నంటే పానం."

చంద్రి ఒక ఆదివారం పొద్దెక్కాక ఈనింది. సరిగ్గా ఆ రోజే మా అరుగు మీద, దేవుడు ఉన్నాడా లేడా అనే విషయం మీద చర్చ పెట్టుకున్నారు. దేవుడి తరఫున మా ఊరి జంగం బసవయ్య తాత. ఆయనా బాపూ ఒకరినొకరు ఓడించాలని ఏళ్లుగా ప్రయత్నిస్తూ, ఒకరు లేకపోతే ఒకరికి తోచని స్థితికి వచ్చిన స్నేహితులు. వినడానికి వచ్చినవాళ్లలో మా ముందుగదిలో కిరాయికుండే సుబ్బారావు గారు ఒకరు. కొత్తగా కడుతున్న పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం బెజవాడ వైపు నుంచి వచ్చారు. ఆదివారం సెలవు కాబట్టి తోటి ఉద్యోగుల్ని కూడా వెంటేసుకొచ్చారు.

కొట్టంలో దుడ్డె గడ్డి మీద పడింది. ఆడదే, పెయ్య. అమ్మ గోనెపట్టాతో తుడిచింది. అది ముందుకాళ్ల మీద లేచి, పడి, మళ్లీ లేచేసరికి అవ్వ తలుగు మెడలో వేసి ఎదుటి మూల గుంజకు కట్టేసింది. ఆ తర్వాత కర్ర అడ్డం పెట్టుకుని పీట మీద కాపలా కూర్చుంది. దుడ్డె తల్లి వైపు మెడ చాపి అరవసాగింది. చంద్రి ఇటు నుంచి అరిచింది. అప్పుడే సుబ్బారావు గారి భార్య అన్నపూర్ణమ్మ, చంకలో పిల్లవాడితో, చేతిలో పెద్ద గిన్నెతో వచ్చింది. పిల్లవాడి నోట్లో పాలసీసా ఉంది.

"మామ్మగారూ, మా వారికి జున్నంటే ప్రాణమండీ. బెల్లం వేసే చేయండి. పంచదారైతే ఆ రుచి రాదు."

అవ్వ గిన్నె లోతు చూసింది. "గిది గిన్నెనా, గాబునా? సరె గని, నీ పోరనికేం బోస్తున్నవ్ బెజవాడమ్మా?"

"డబ్బా పాలండీ. ఇప్పుడందరూ అవే పోస్తున్నారు. నా పాలు మరీ పల్చనండీ."

"పాలు పల్చగుండుడేంది, సీరెనా?" అంది అవ్వ.

నేను ఆ దృశ్యాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. బర్రె పాలు మనిషికి. మనిషి బిడ్డకు డబ్బా పాలు. బర్రె బిడ్డకు తలుగు. ఈ ఏర్పాటులో ఎవరి తల్లి పాలు వాళ్లకు దక్కకుండా మేము ఎంత శ్రద్ధ తీసుకున్నామో చూడండి.

ఇక ఆగలేక అరుగు మీదికి వెళ్లాను. బాపు అప్పుడే సృష్టికి ఆది ఉందా అన్న దగ్గరికి వచ్చాడు. మధ్యలో అడిగేశాను. "బసవయ్య తాతా, ముర్రుపాలు ఎవరివి?"

అందరూ నవ్వారు. బాపు కనుబొమలు ముడిచాడు. "భారతీ, ఇక్కడ సృష్టికర్త ముచ్చట నడుస్తుంది. దుడ్డె ముచ్చట గాదు."

"సృష్టి చేసినోడు ఆ పాలు ఎవరికోసం చేసిండో అడుగుతున్న."

బసవయ్య తాత ముఖం విప్పారింది. "పోరి మంచి ముచ్చటే అడిగింది. దుడ్డె మూతి పెట్టిన పాలకు ఎంగిలి లేదు బిడ్డా. మా పెద్దలు చెప్పిన శాస్త్రమే అది. దుడ్డె తాగినంక మిగిలినయే దేవునికి పెట్టొచ్చు. తప్పు లేదు."

నా ఒళ్లు తేలికైంది. "అయితే జెర అవ్వకు చెప్పు తాతా, జల్దీ."

బసవయ్య తాత మోకాలి మీద చెయ్యి వేసి లేవబోయాడు. ఇంతలో బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు బసవయ్యా. శాస్త్రం చెప్పింది గాబట్టి తాగాలె అంటె నేనొప్పుకోను."

"ఏందయ్యా, దుడ్డె తాగాలెనంటవా వద్దంటవా?"

"తాగాలె. కని శాస్త్రం చెప్పిందని గాదు, బుద్ధి చెప్తుందని."

"ఆ బుద్ధి ఇచ్చినోడెవడు?"

"అగో, నేనడిగేదదే."

బసవయ్య తాత మళ్లీ కూర్చున్నాడు. సుబ్బారావు గారు సందేహిస్తూ, "ఇద్దరూ ఒకటే అంటున్నారు కదండీ. ముందు దూడని వదిలేసి, తర్వాత మాట్లాడుకోవచ్చుగా?" అన్నారు. ఇద్దరూ ఆయన వైపు ఒకేసారి తిరిగారు. "మూలం తేలకుండ ఎట్ల ఇడుస్తమండి?" అని బాపు అంటే, "గదే అంటున్న" అన్నాడు బసవయ్య తాత. ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావడం మా ఊరు అదే మొదటిసారి చూసింది. రెండోసారి చాయ్ వచ్చింది. నీడ అరుగు ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగింది. నేను పళ్లు కొరుక్కుంటూ కొట్టానికి పరుగెత్తాను.

అప్పటికే దుడ్డె అరవడం మానేసింది. గుంజ కింద ముడుచుకుని పడుకుంది. చెవులు వేలాడుతున్నాయి. మాయ ఇంకా పడలేదు. చంద్రి పొదుగు బిగిసి చనుమొనల నుంచి పాలు వాటంతటవే చుక్కలు చుక్కలుగా గడ్డిలో పడుతున్నాయి. అమ్మ చూపు ఆ చుక్కల మీదే ఉంది. అప్పుడు అరుగు మీది నుంచి బాపు గొంతు గట్టిగా వినిపించింది. "వీరభద్రుడే ఉంటె మా ఇంటి దుడ్డెల నోరు ఎందుకు కొడుతుండు?"

అవ్వ పీట మీది నుంచి లేచింది. వీరభద్రుడిని అనడమంటే పెద్దకొడుకును అన్నట్టే. కర్ర టకటకలాడించుకుంటూ అరుగు మీదికి పోయింది. "ఓరి రాజిగా, నా దేవుడు నోరు కొడుతుండా? జున్ను గిన్నె పెడ్తె అందరికంటె ముందుగాల కూసునేది ఎవడురా?" అన్న మాట మా వెనక దాకా వినిపించింది.

అమ్మ లేచింది. నా వైపు చూడలేదు. గుంజ దగ్గరికి పోయి, తలుగు ముడి విప్పకుండానే దుడ్డె మెడలోంచి పైకి తీసేసింది. దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి పొదుగు కింద దింపింది. నేను చంద్రి ముందు తవుడు గంప పెట్టాను. దుడ్డె చీకలేదు. మూతి పక్కకు వాల్చేసింది. అమ్మ చన్ను పిండి వేళ్లకు పాలు రాసుకుని దాని నోట్లో పెట్టింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. "తాగే తల్లీ, తాగు, అవ్వ మల్ల వస్తది" అని గొణిగింది. చివరికి ఆ నాలుక అమ్మ వేలిని చుట్టుకుంది. వేలు తీసి చన్ను అందించింది. చప్పరింత మొదలైంది. కాసేపటికి దాని తోక ఆడింది. మూతి చుట్టూ పసుపుపచ్చని నురుగు కట్టింది.

అవ్వ తిరిగొచ్చేసరికి దుడ్డె కడుపు నింపుకుని తల్లి కాళ్ల మధ్య నిలబడి ఉంది. "ఎవరే ఇడిసింది?" అంది. వెనకే బసవయ్య తాత, బాపు, ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. బసవయ్య తాత గుంజ దగ్గరికి పోయి తలుగు పట్టుకు చూశాడు. "వీరమ్మా, ముడి ముడి లెక్కనే ఉంది. మెడ మాత్రం బయటికొచ్చింది. ఇది నీ వీరభద్రుని పనే." బాపు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "దుడ్డె మెడ సన్నం, తలుగు వదులు. జారింది. దీన్నే కార్యకారణ సంబంధమంటరు." అమ్మ మోచేతుల దాకా కారుతున్న పాలను ఆస్తికుడూ చూడలేదు, నాస్తికుడూ చూడలేదు. అవ్వ మాత్రం చూసింది. చూసి, "దుడ్డె సచ్చిందో, బర్రె ఇంద్రేశం పోతది. యాదికి పెట్టుకోండ్రి" అని కర్ర తీసుకుని లోపలికి పోయింది.

పొద్దుగూకకముందే మాయ పడింది. ఎవరూ ఏ సంబంధమూ చెప్పలేదు. అవ్వ మాత్రం మర్నాటి నుంచి పొద్దున్నే చల్లకుండ కంటే ముందు దుడ్డె పేడ చూడటం మొదలుపెట్టింది. ఒక పొద్దున పేడ పలచగా ఉంది. అవ్వ పొగాకు కాడ ఉమ్మేసి, పక్కింట్లో ఉండే, వరసకు నాకు పెద్దబావయ్యే ఆయన్ను పిలిపించి, బర్రెను తోలడానికి తాడు సిద్ధం చేయమంది. ఆ రోజంతా అమ్మ అన్నం తినలేదు. దుడ్డె పక్కన కూర్చుని, అది మూతి చాపినప్పుడల్లా పొదుగు దగ్గరికి తెచ్చింది. సాయంత్రానికి దుడ్డె లేచి అమ్మ కొంగు నమలడం మొదలుపెట్టింది. పెద్దబావ తాడు అలాగే చూరుకు వేలాడింది. వానలు పడేనాటికి దుడ్డె ఒళ్లు నల్లని పట్టులా నిగనిగలాడింది. అన్నపూర్ణమ్మ ఆరేసిన బట్టలు తొక్కి తిట్లు తింటూ ఊరంతా గెంతింది. ఆ ఏడు జున్ను చిన్నగిన్నెడే దొరికినందుకు పెద్దిండ్లవాళ్లు చాలా రోజులు ముఖాలు ముడుచుకున్నారు.

విజయం వచ్చాక వారసులకు కొదవేమిటి? బాపు సంగారెడ్డిలో, మా ఇంట్లో మూఢాచారాన్ని ఎలా జయించామో వివరిస్తూ ఉపన్యాసం ఇచ్చాడు. చప్పట్లు బాగా పడ్డాయట. అవ్వ బొంతపల్లికి పోయి కొబ్బరికాయ కొట్టి, పెద్దకొడుకుకు దండం పెట్టి వచ్చింది. ఒకే దుడ్డె దేవుడు ఉన్నాడనడానికీ లేడనడానికీ నిదర్శనమై, పాపం, రెండు పక్షాల మధ్య కొమ్ములు మొలవకముందే అలసిపోయింది. నేను అమ్మను నిలదీశాను. "నువ్వే ఇప్పినవని ఎందుకు చెప్పవు?" అమ్మ నవ్వింది. "చెప్తె ఇద్దరు మల్ల అరుగు మీద కూసుంటరు. వచ్చే ఈతకు దుడ్డెను ఎవరు ఇప్పాలె?"

అప్పటి మమ్మల్ని వెక్కిరించడం సులువే. కానీ ఇప్పుడు చూడండి. ఆచారం పేరిట దుడ్డెను కొన్ని పూటలు కట్టేసినవాళ్లం మోటువాళ్లం. పుట్టిన గంటకే దూడను తల్లి కంటికి కనపడని చోటికి మార్చి, పాలు యంత్రానికి ఇచ్చేవాళ్లు నాగరికులు. అవ్వ తప్పు చేసినా కారణం చెప్పేది, మాయ అనో నట్టలనో. ఇప్పటివాళ్లకు కారణం చెప్పే ఓపిక కూడా లేదు, లాభం అంటే సరిపోతుంది. పురిటి గదుల్లో కోత కోసి బిడ్డను తీసి, తల్లికి మెలకువ రాకముందే డబ్బా పాలు పట్టి, తర్వాత గోడ మీద తల్లిపాల గొప్పదనం గురించి బొమ్మ అంటించే ఆసుపత్రులను నేను చూశాను. ఒకనాడు మూఢనమ్మకానికి పంచాంగం ఉండేది, ఇప్పుడు ప్యాకెట్టు ఉంది. అంతే మార్పు. అప్పుడూ ఇప్పుడూ వరుసలో పుట్టినవాడే చివర నిలబడ్డాడు. ఆ వరుసను ఎవరైనా మార్చారంటే అది ఉపన్యాసం విని కాదని నాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో ఆ వరుస మారిన రోజు కూడా నేను అక్కడే ఉన్నాను.

మరుసటి ఏడు అమ్మ మళ్లీ కనింది. మగపిల్లవాడు. మంత్రసాని బొడ్డు కోసి, తుడిచి, అమ్మ పక్కన పడుకోబెట్టింది. మనుషుల విషయంలో మా ఇంటి ఆచారం దుడ్డెల ఆచారానికి తోబుట్టువు. మూడు దినాలు బిడ్డకు తల్లి రొమ్ము లేదు. ఆ పసుపుపచ్చని పాలు చెడ్డవని పిండి గోడ మూలకు పారబోసేవాళ్లు. బిడ్డకు చక్కెరనీళ్లు, ఆముదంలో తడిపిన బట్టపేలిక. నా తమ్ముళ్లిద్దరికీ అదే జరిగింది. అవ్వ చక్కెరనీళ్ల గిన్నె పట్టుకుని గడప దాటేసరికి బిడ్డ అమ్మ రొమ్ము పట్టి ఉన్నాడు. మంత్రసాని తల వంచుకుంది. గడప బయట వాకిట్లో నీళ్లు కాస్తున్న నాకు అంతా కనిపిస్తోంది.

"ఏందే ఇది?" అంది అవ్వ. "తీయి. చెడ్డపాలు."

అమ్మ తియ్యలేదు. కొంగు కూడా సర్దుకోలేదు. "నిరుడు దుడ్డెను ఇడిసింది నేనే, అత్తా. దేవుడు గాదు, తలుగు జారుడు గాదు. నేనే. అది బతికింది. నా ఇద్దరు కొడుకులకు నేను ఇయ్యలే. వీనికిస్త. బర్రెను తోలుతవో, నన్ను తోలుతవో, వీడు తాగినంక తోలు."

అరుగు మీది నుంచి బాపు లేచి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. పురిటి గదిలోకి మగవాళ్లు రాకూడదు. ఆ ఆచారాన్ని ఆయన ఏ సభలోనూ ఖండించి ఉండడు. అవ్వ గడప మీద కూలబడి, చక్కెరనీళ్లు తానే గటగటా తాగేసింది. "పారబోస్తె పాపం" అంది. ఖాళీ గిన్నె ఒడిలో పెట్టుకుని, ఎవరికో చెప్పినట్టు పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. "మా అత్త గూడ నాకు గిట్లనే జేసింది. మొదలు మల్లయ్య. వాని యెంక రాజమణి. వీరేశం. ఆ చిన్నదానికి ఇంక పేరే పెట్టలే. అందరికి నేనే పిండి పారబోసిన. నా చేత్తోనే." ఆ పేర్లు మేమెవ్వరం అంతకుముందు వినలేదు. బాపు కూడా వినలేదు. తనకు అంతమంది అన్నలూ అక్కలూ ఉండేవారని యాభై ఉపన్యాసాలిచ్చిన మనిషికి ఆ పూటే తెలిసింది.

బిడ్డ చప్పరిస్తూనే ఉన్నాడు. అవ్వ ముందుకు వంగి చూసింది. "మస్తు గుంజుతుండే వీడు" అంది. అమ్మ నుదుటి చెమట తన కొంగుతో తుడిచింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "ఓరి రాజిగా, ఆడ నిలబడి ఏం జూస్తున్నవ్? పాలియ్యాలంటె దాని కడుపుల ఏమన్న పడాలె గద. జొన్న గటక కాయాలె, వెల్లిపాయ కారం నూరాలె" అంది.

"ఎవరు కాయాలె అమ్మా? నువ్వు పురిటి గది ముట్టినవ్, ముట్టినోళ్లు పొయ్యి కాడికి పోవద్దని నువ్వే అంటివి. భారతి నీళ్లు కాస్తుంది" అన్నాడు బాపు, జీవితంలో మొదటిసారి ఆచారాన్ని ఆసరా చేసుకుంటూ.

అవ్వ ఖాళీ గిన్నె ఆయన చేతికి అందించింది. "దేవుడు లేడంటివి గద బిడ్డా. ఇగ నువ్వే చెయ్యాలె."

బాపు గిన్నె వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు.  చొక్కా చేతులు మడుచుకుని, తాను పుట్టిన ఇంట్లో ఎన్నడూ అడుగు పెట్టని వంటింటి వైపు నడిచాడు.